నెస్టా ప్రోథరో వదిలేసిన వరుస

మా వీధిలో నెస్టా ప్రోథరోను ఇష్టపడినవాళ్ళు తక్కువ. మెడలో స్టాప్‌వాచ్ వేసుకుని వెనకే నిలబడే మనిషిని ఎవరు మాత్రం ఇష్టపడతారు?

వేల్స్‌లోని మా ఊరు కుమ్ హెలిగ్‌లో ఇంకా చొక్కాల ఫ్యాక్టరీ నడుస్తున్న రోజులవి. మగవాళ్ళు గనిలోకి దిగేవాళ్ళు, మేం ఫ్యాక్టరీకి వెళ్ళేవాళ్ళం. నేను కాలర్లు కుట్టేదాన్ని. ఒక్కో కాలర్‌కు ఎన్ని సెకన్లు పడుతోందో, దారం తెగితే ఎన్ని పోతున్నాయో, ముక్కు చీదుకోవడానికి ఎన్ని పోతున్నాయో రాసుకోవడం నెస్టా ఉద్యోగం. ఆమె మంచిదా చెడ్డదా అని ఎవరూ ఆలోచించలేదు. ఆమె వస్తోందంటే కబుర్లు ఆగిపోయేవి, అంతే.

నేను ఐదు నెలల కడుపుతో ఉన్నప్పుడు వేళ్ళు ఉబ్బిపోయి గుడ్డ సరిగా తిరిగేది కాదు. ఒక మధ్యాహ్నం ఆమె నా వెనక చేరింది. కుట్టు ఆపకుండానే అడిగాను.

“ఈ వారం కాస్త చూసీచూడనట్టు పోండి. రెండు సెకన్లు తగ్గించి రాస్తే మీ సొమ్మేం పోతుంది?”

“నా సొమ్మేం పోదు గ్లెనిస్. ఒకసారి తగ్గించి రాశానంటే ఇక నేను రాసే ఏ కాగితానికీ విలువుండదు. అదీ పోయేది.”

ఉన్నదున్నట్టే రాసింది. నన్ను కాలర్ల దగ్గర నుంచి తీసి మడతలు పెట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అది చేతకానివాళ్ళ బల్లని ఊరంతా అనుకునేది. అప్పటి నుంచి ఆమె ఎదురుపడితే తల తిప్పుకునేదాన్ని.

నెస్టా పెళ్ళి చేసుకోలేదు. తండ్రితో ఉండేది. ఆయన మా ఊరి రగ్బీ జట్టుకు పదిహేనేళ్ళు ఆడినవాడు. గని ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి చివరికి వీధి మలుపు దాకా కూడా నడవలేకపోయాడు. మైదానమేమో కొండ మీద. అందుకని శనివారాలు తండ్రి బదులు నెస్టా వెళ్ళి చూసి వచ్చేది. మొదటి శనివారం ఇంటికొచ్చి, ఎవరెన్ని పాయింట్లు చేశారో చెప్పిందట. ఆయన మంచం మీద నుంచి చెయ్యి విదిలించాడట.

“పాయింట్లు సోమవారం పేపర్లో పడతాయే. కుప్పలో ఎవరు దూరారో చెప్పు.”

బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టగానే రెండు జట్ల వాళ్ళూ పరిగెత్తుకొచ్చి, ఆ పడ్డవాడి మీదుగా ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటారు. ఎవరు తోయగలిగితే బంతి వాళ్ళది. దాన్ని రక్ అంటారు. మా ఊళ్ళో కుప్ప అంటాం. ఒక ఆటలో అలాంటివి నూటికి పైగా జరుగుతాయి. జనం కళ్ళు బంతి వెంట పోతాయి గనక, కుప్పలోంచి లేచినవాడు ఎటు పోయాడో, తర్వాతి కుప్పకు పరుగెత్తాడో నడుచుకుంటూ పోయాడో ఎవరికీ పట్టదు. ముసలాయనకు పట్టింది.

తర్వాతి శనివారం నెస్టా ఫ్యాక్టరీ కాగితాలు తీసుకుని కొండెక్కింది. ఆటగాళ్ళ పేర్ల ఎదురుగా మూడు నిలువు వరుసలు గీసింది. ఎన్ని కుప్పలకు చేరాడు. ఎన్నోవాడిగా చేరాడు. నేల మీద పడ్డాక లేవడానికి ఎన్ని సెకన్లు తీసుకున్నాడు. ముసలాయన ఆదివారమంతా కళ్ళద్దాలు పెట్టుకుని ఆ కాగితం చదువుకునేవాడు. “చూశావా, ఆ పొడుగాటివాడు పెళ్ళికి పోతున్నట్టు నడుస్తున్నాడు. వాళ్ళమ్మ చూస్తే తలెత్తుకోలేదు!” అని గసపోస్తూనే నవ్వేవాడు. ఆయన పోయాక కూడా ఆమె మానలేదు. మరుసటి ఏడాది ఫ్యాక్టరీ మూతపడింది. ఇద్దరం బడి వంటింట్లో పనికి చేరాం. రోజంతా పక్కపక్కనే బంగాళాదుంపలు చెక్కు తీస్తూ మాట్లాడకుండా ఎంతకాలం ఉంటాం? అలా కలిశాం.

రగ్బీ ఆటగాళ్ళకు జీతాలు మొదలైన రోజుల్లో మా క్లబ్ కోచ్ ఒకసారి ఆమె పక్కన వచ్చి నిలబడ్డాడు.

“పదేళ్ళ నుంచి చూస్తున్నా. ఏం రాస్తుంటారండీ మీరు?”

ఆమె కాగితం చేతికిచ్చింది. ఆయన దాన్ని వానలో తడిసేదాకా చదివాడు. వారం తిరక్కుండా క్లబ్ వెనక గదిలో ఒక టీవీ, వీడియో యంత్రం వచ్చాయి. కొన్నేళ్ళకు ఆ కోచ్‌కు దేశం జట్టులో ఉద్యోగం వచ్చింది. నెస్టాను కూడా రమ్మన్నాడు. యాభై రెండేళ్ళ వయసులో ఆమె వంటింటి ఏప్రన్ విప్పేసి, వారానికి మూడు రోజులు రాజధాని కార్డిఫ్‌కు రైలెక్కడం మొదలుపెట్టింది.

మా వీధి చివరింట్లో యెస్టిన్ పార్ఫిట్ అనే కుర్రాడుండేవాడు. అమ్మమ్మ పెంపకం. ఏడో నంబరు చొక్కా వాడిది. అంటే కుప్ప ఎక్కడ పడితే అక్కడికి అందరికంటే ముందు చేరాల్సినవాడు. మనిషి పొట్టి. పెద్ద జట్లకు మనుషుల్ని ఏరేవాళ్ళు మా మైదానానికి వచ్చినా వీణ్ణి దాటుకుని పోయేవాళ్ళు. నెస్టా కాగితాలు మాత్రం వేరే మాట చెప్పాయి. దేశంలోని మిగతా ఏడో నంబరు వాళ్ళు ఆటకు ఇరవై ఆరు కుప్పలు దాటడం లేదు. యెస్టిన్ తొమ్మిది ఆటలు వరుసగా ముప్పయ్యెనిమిదికి తగ్గలేదు. పడ్డాక మూడు సెకన్లలో లేచి నిలబడేవాడు. కోచ్ ఆ కాగితం బల్ల మీద పెట్టి గట్టిగా మాట్లాడాడు. పిల్లవాణ్ణి దేశం జట్టులోకి తీసుకున్నారు.

కబురు తెలిసిన రోజు వాడు వీధంతా వినబడేలా ఆమె తలుపు బాదాడు.

“నెస్టా ఆంటీ! తలుపు తీయండి! మీ అంకెలు నన్ను వేల్స్ చొక్కాలో దూర్చేశాయి!”

“కాళ్ళూ చేతులూ నీవిరా. నేను లెక్కపెట్టానంతే.”

“ఇన్నేళ్ళలో ఆ లెక్కే ఎవరూ పెట్టలేదుగా!” అంటూ ఆమెను అమాంతం ఎత్తి గడప మీద దించాడు. ఆమె జుట్టు చెదిరిపోయింది. ఆమె అలా నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి.

అప్పటి నుంచి ఆట అయిన మర్నాడు వాడు ఆమెను అడిగే మొదటి మాట, “ఎన్ని?” నలభై ఒకటి అంటే, వచ్చేసారి నలభై ఐదు అనేవాడు. మొహం మీద కొత్త కుట్లు ఉండేవి, చెవులు నలిగి నల్లబడ్డాయి. ఊళ్ళో ముసలివాళ్ళు వాణ్ణి ఆపి మరీ వీపు తట్టేవాళ్ళు. ట్రై చేసి పాయింట్లు తెచ్చినవాళ్ళను తట్టినట్టు కాదు. గనిలో పక్కన నిలబడి పనిచేసినవాణ్ణి తట్టినట్టు.

ఐదో ఏడు ఐర్లాండ్‌తో ఆట. మేమంతా క్లబ్ బార్‌లో టీవీ ముందున్నాం. రెండో సగంలో యెస్టిన్ ఒక కుప్పలోకి తల వంచి దూరాడు. అవతలివాడి మోకాలు తగిలింది. కాసేపు పడుకునే ఉన్నాడు. తర్వాత లేచి, నాలుగడుగులు నడిచి, ఐర్లాండ్ వాళ్ళ పచ్చ చొక్కాల వరసలో నిలబడ్డాడు. వాళ్ళలో ఒకడు భుజం పట్టుకుని ఇటు తిప్పి పంపాడు.

“చూడండ్రా, మనోడికి పచ్చ చొక్కా నచ్చినట్టుంది!” అన్నారెవరో. బార్ అంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. వాడు తర్వాతి కుప్పకూ పరుగెత్తాడు, ఆ తర్వాతిదానికీ. మేం చప్పట్లు కొట్టాం.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం వాడు నెస్టా ఇంట్లోకి వెళ్ళడం కిటికీలోంచి చూశాను. టీ తాగడానికి వచ్చాడనుకున్నాను. ఆ రోజు ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు పన్నెండేళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

యెస్టిన్ ఇంకో మూడేళ్ళు ఆడాడు. లౌరి అనే నర్సును పెళ్ళి చేసుకున్నాడు, ఒక పాప పుట్టింది. ఆట మానేశాక బడిలో పిల్లలకు వ్యాయామం నేర్పే పనిలో చేరాడు. నెస్టా కూడా పని చాలించి ఇంట్లో కూర్చుంది. అంతా సుఖాంతమే అనుకున్నాం.

ముప్పయ్యెనిమిదో ఏట వాడు కూతుర్ని బడి నుంచి తీసుకురావడం మర్చిపోయాడు. అందరం మర్చిపోతాం. తర్వాత కొండ మీది మైదానం నుంచి ఇంటికి దారి మర్చిపోయాడు. అది అందరం మర్చిపోయేది కాదు. ఎప్పుడూ కోపమెరగనివాడు వంటింటి తలుపు గుద్ది విరగ్గొట్టాడు. తర్వాత ఆ తలుపు ఎవరు విరగ్గొట్టారని లౌరినే అడిగాడు. నలభై నిండేసరికి డాక్టర్లు పేరు పెట్టారు. ముసలివాళ్ళకు వచ్చే మతిమరుపు జబ్బు, ముసలితనం రాకముందే వచ్చింది. తలకు తగిలిన దెబ్బలే కారణం కావచ్చన్నారు. ఒకటీ రెండూ పెద్ద దెబ్బలు కాదు, ఏళ్ళ తరబడి తగిలిన చిన్నాపెద్దా అన్నీ కలిసి.

అక్టోబర్‌లో లౌరి నెస్టా ఇంటికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. పొయ్యి మీద గొర్రెమాంసం, లీక్ ఉల్లికాడలు వేసిన పులుసు ఉడుకుతోంది. ఆ పిల్ల కోటు కూడా విప్పలేదు.

“తలకు ఎన్నిసార్లు తగిలిందో డాక్టర్ అడుగుతున్నారు ఆంటీ. ఆయనకు గుర్తులేదు. నాకు తెలియదు. మీ దగ్గర అన్నీ ఉంటాయిగా?”

“నేను రాసింది అది కాదమ్మా,” అంది నెస్టా. “ఎన్ని కుప్పలకు చేరాడో రాశాను. తల ఎక్కడ పెట్టాడో రాయలేదు.”

“ఇప్పుడు రాయగలరా?”

నెస్టా పులుసు గిన్నె కింద మంట తగ్గించింది. “రాస్తాను,” అంది.

ఆ చలికాలమంతా ఆమె ముందుగదిలో కూర్చుని, వాడు దేశం జట్టుకు ఆడిన ఇరవై తొమ్మిది ఆటలూ మొదటి నుంచి చూశాం. అప్పటికి ఆమెకు కంట్లో పొర వచ్చింది, చూస్తూ రాయడం కుదరదు. ఆమె చెబుతుంటే నేను రాసేదాన్ని. టేపు ఆపుతుంది, వెనక్కి తిప్పుతుంది, మళ్ళీ ఆపుతుంది.

“భుజం. రాయకు. … మళ్ళీ భుజం. … తల, ఎడమ పక్క. రాయి.”

అదే ఆట, అదే కుర్రాడు. ఒకప్పుడు చప్పట్లు కొట్టిన చోటల్లా ఇప్పుడు నా పెన్ను కదులుతోంది. వాడు మరీ చిన్నవాడిలా కనిపించాడు. పడతాడు, లేస్తాడు, ఎటు పోవాలో ఒక్క క్షణం చూసుకుంటాడు, పరుగెడతాడు. ఎవరూ వాడి వైపు చూడటం లేదు. కెమెరా కూడా బంతి వెంటే పోతోంది. వాడు తెర అంచున సగం కనబడతాడు, ఒక్కోసారి బూట్లు మాత్రమే. నెస్టా ఆ బూట్లను బట్టే చెప్పేది.

ఫిబ్రవరిలో ఐర్లాండ్ ఆట దగ్గరికి వచ్చాం. మోకాలు తగిలే చోట ఆమె టేపు ఆపలేదు. నోటితో సెకన్లు లెక్కపెట్టింది. పదకొండు. తర్వాత వాడు లేచి పచ్చ చొక్కాల వైపు నడిచాడు. అప్పుడు యంత్రం ఆపేసింది.

“గ్లెనిస్, ఇది నేను అప్పుడే చూశాను.”

“అందరం చూశాం నెస్టా. నవ్వాం కూడా.”

“నువ్వు నవ్వావు. నేను లెక్కపెట్టాను. పదకొండు. అంతకు ముందు నాలుగు ఆటల్లోనూ ఐదు, ఆరు, ఆరు, ఏడు. పెరుగుతూనే ఉంది. మూడో వరుసలో సెకన్లు పది దాటితే ఆ ఆటగాణ్ణి కూర్చోబెట్టి డాక్టర్‌కు చూపించాలని కోచ్ నియమం పెట్టుకున్నాడు. ఆదివారం వాడొచ్చాడు. ఆ కుర్చీలోనే కూర్చున్నాడు.”

ఆ మధ్యాహ్నం జరిగింది ఆమె మాట తడబడకుండా చెప్పింది.

“ఆంటీ, ఈ ఒక్కసారికి ఆ వరుస వదిలేయండి,” అన్నాడట యెస్టిన్. “నా చొక్కా కోసం ఒకడు కాచుకుని కూర్చున్నాడు. నేనొక్క ఆట తప్పుకుంటే ఇక వాడు దాన్ని విప్పడు.”

“తలనొప్పిగా ఉందా?”

“అందరికీ ఉంటుంది ఆంటీ. మీ చేతులు పట్టుకుంటాను.”

నిజంగానే రెండు చేతులూ పట్టుకున్నాడట. ఆమె కోచ్‌కు ఇచ్చిన కాగితంలో ఆ వారం రెండే వరుసలున్నాయి. వీడియో సరిగా కనబడలేదని చెప్పింది. ఆమె మాటను ఎవరూ అనుమానించలేదు. ఎన్నడూ ఒక్క సెకను మార్చని మనిషి కదా.

“నీకు రెండు సెకన్లు ఇవ్వలేదు,” అంది నా వైపు తిరిగి. “వాడికి పదకొండు ఇచ్చాను.”

వాణ్ణి కూర్చోబెట్టినా ఏమయ్యేదో ఎవరికి తెలుసని అన్నాను. అదీ నిజమే. కానీ ఆ నిజం ఆమెకు ఎందుకూ పనికిరాలేదు.

మార్చి మొదటి వారంలో లెక్క తేలింది. పదకొండు వందలకు పైగా కుప్పలు. తలకు తగిలినవి రెండు వందల పదకొండు. పడ్డాక చాలాసేపు లేవనివి పదిహేడు. నెస్టా ఆ కాగితాలు తీసుకుని లౌరి ఇంటికి నడిచింది. నన్ను తోడు రమ్మంది. యెస్టిన్ ముందుగదిలో టీవీ చూస్తున్నాడు, మమ్మల్ని చూసి మర్యాదగా నవ్వాడు. వంటింట్లో నెస్టా కూర్చోకుండా నిలబడే అంతా చెప్పింది, ఆ ఆదివారం సంగతితో సహా.

లౌరి కాగితం మీద నుంచి తలెత్తలేదు. “ఎన్ని సెకన్లు?”

“పదకొండు.”

“నేనా రోజు స్టేడియంలోనే ఉన్నాను. అప్పటికి మాకింకా పెళ్ళి కాలేదు. ముందు వరస వాళ్ళు నవ్వుతుంటే ఏంటో అనుకుని నేనూ నవ్వాను. ఆ నవ్వుకు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. నాకు తెలియక నవ్వాను ఆంటీ. మీకు తెలుసు.”

“తెలుసు.”

“వెళ్ళండి. దయచేసి వెళ్ళిపోండి.”

మా ఇంటి గేటు దగ్గర నెస్టా ఆగి, “ఆ పిల్ల అన్నదాంట్లో ఒక్క మాటైనా ఎక్కువ లేదు,” అంది.

ఏడు నెలలు ఆ ఇంటి నుంచి పలుకు లేదు. నెస్టా సగమైపోయింది. నేను వండి తీసుకెళ్తే రెండు చెంచాలు తిని పక్కన పెట్టేది. టేపులన్నీ పెట్టెలో సర్ది క్లబ్‌కు ఇచ్చేసింది. శనివారాలు కొండ మీది నుంచి అరుపులు వినబడితే కిటికీ మూసుకునేది.

మళ్ళీ అక్టోబర్ వచ్చింది. లౌరి ఆసుపత్రి దుస్తుల్లోనే వచ్చి గడప బయట నిలబడింది.

“బుధవారం నాకు డ్యూటీ. ఆయన దగ్గర ఉండే అమ్మాయి మానేసింది. పాపకు బడి. మీరు ఉండగలరా?”

“ఉంటాను.”

“క్షమించానని కాదు.”

“నేనడగలేదమ్మా.”

అలా మూడేళ్ళు, ప్రతి బుధవారం. ఇద్దరూ ఏటి గట్టున నడిచేవాళ్ళు. పొట్టివాడే అయినా ఆ భుజాలు అలాగే ఉన్నాయి. ఆమె గాలికి కొట్టుకుపోయేటట్టుండేది. వాడు ఆమెను అమ్మమ్మా అని పిలిచేవాడు. ఆమె సరిదిద్దేది కాదు. బఠాణీ కాయలు ఒలవమంటే గంటలకొద్దీ ఓపిగ్గా ఒలిచేవాడు. కొన్నాళ్ళకు గింజలు నేల మీద వేసి తొక్కలు గిన్నెలో వేయడం మొదలుపెట్టాడు. ఆమె వంగి ఏరేది. ఒకసారి నేను వెళ్ళేసరికి వాడు ఏడుస్తున్నాడు. ఎందుకో వాడికే తెలియదు. నెస్టా పక్కన కూర్చుని వాడి నలిగిన చెవిని బొటనవేలితో మెల్లగా రాస్తోంది, చంటిపిల్లలకు రాసినట్టు.

“పోతుందిరా. పోతుంది,” అంటోంది. ఏం పోతుందో ఆమెకు మాత్రం తెలుసా?

ఒక జనవరి ఉదయం పాలసీసా తీసుకోవడానికి వంగి గడపలోనే పడిపోయింది నెస్టా. నేను చూసేసరికే ప్రాణం లేదు. డెబ్బై నాలుగో ఏడు. దగ్గరివాళ్ళెవరూ లేరు గనక ఏర్పాట్లు నేనూ లౌరీ చూశాం. శవపెట్టె మోయడానికి క్లబ్ వాళ్ళు ఆరుగురు ముందుకొచ్చారు. అందులో ఒకణ్ణి ఆగమని చెప్పి, ఆ చోట లౌరి యెస్టిన్‌ను తీసుకొచ్చి నిలబెట్టింది.

“వీడు మోయగలడా అమ్మా?” అని గొంతు తగ్గించి అడిగారొకరు.

“మోయడం మర్చిపోలేదు,” అంది లౌరి.

ప్రార్థనా మందిరం నుంచి కొండ మీది శ్మశానానికి వానలో నడిచాం. యెస్టిన్ అందరితో అడుగు కలిపి నడిచాడు. సగం దూరంలో, పక్కన నడుస్తున్న నన్ను అడిగాడు.

“ఎవరు పోయారండీ?”

“నెస్టా అని. మన వీధే.”

“నాకు తెలుసా ఆవిడ?”

“బాగా తెలుసు నాయనా.”

వాడు తల ఊపి, పెట్టెను భుజం మీద ఇంకాస్త జాగ్రత్తగా సర్దుకున్నాడు.

గోతిలోకి దించాక మిగతా ఐదుగురూ తాళ్ళు వదిలేశారు. వాడు వదల్లేదు. తడిసిన తాడును రెండు చేతులా పట్టుకుని, మోకాళ్ళు వంచి, ఇంకా ఏదో బరువు ఆపుతున్నవాడిలా అలాగే నిలబడిపోయాడు. పాదిరి చదవడం ఆపాడు. అందరూ నేల చూపులు చూస్తున్నారు. లౌరి బురదలోకి దిగి వాడి ముందు నిలబడి, ఒక్కో వేలూ విప్పింది. ఆ చేతులు మంచులా ఉన్నాయని తన కోటు జేబుల్లో పెట్టుకుంది. వాన తగ్గేదాకా ఇద్దరూ అలాగే ఉండిపోయారు.